నెలాఖరు మధ్యాహ్నాలు

ఆఫీసు, రెండో అంతస్తు
జూన్ 2

అత్తా,

ఫోన్లో సగం వినబడదనీ, వినబడిన సగం నమ్మబుద్ధి కాదనీ నువ్వే అన్నావు కాబట్టి కాగితం పట్టుకున్నాను. నా దస్తూరీ చూసి నవ్వుకోవడం అయ్యాక చదువు.

నువ్వు రిజిస్టర్లు రాసిన ఈ నదీమట్టాల ఆఫీసులోనే నేను చేరి మూడు నెలలైంది. నీ బల్ల ఉన్నచోట ఇప్పుడు మంచినీళ్ళ మిషన్ ఉంది. పద్నాలుగేళ్ళ మీ పుస్తకాలూ, ఆ తర్వాత పన్నెండేళ్ళుగా మిషన్లు నిమిషానికోసారి పంపుతున్న అంకెలూ అన్నీ కంప్యూటర్లో ఒకే టేబుల్‌గా ఉన్నాయి. నలభై కోట్ల వరసలు. దానికి కాపలా కాయడమే నా ఉద్యోగం.

అసలు సంగతికి వస్తాను. వంతెన దగ్గర హెచ్చరిక గీతని పైకి జరపబోతున్నారు. ఇప్పుడు నీళ్ళు ఆరున్నర మీటర్లు తాకితే సైరన్ మోగుతుంది. దాన్ని ఎనిమిదికి పెంచుతారట. "ఏడాదికి నాలుగుసార్లు ఊరికే మోగుతోందమ్మా, జనం విసుక్కుంటున్నారు. ఇరవయ్యారేళ్ళలో నది ఏడూ ఇరవై దాటిన పాపాన పోలేదు" అంటున్నారు చీఫ్ ఇంజనీరుగారు. జూలై ఇరవైన కమిటీ కూర్చుని తేల్చేస్తుంది.

నేను చిన్నప్పట్నుంచీ నీ నోట వింటున్న అంకె తొమ్మిదీ ఎనభై అయిదు. టేబుల్లో వెతికాను, లేదు. వరద వచ్చిందని నువ్వు చెప్పే ఏడాది ఆగస్టు ముప్పై ఒకటి మధ్యాహ్నం పన్నెండు గంటలకి మూడూ తొంభై అని ఉంది, ఆ తర్వాత ఆ రోజుకి ఒక్క అంకె కూడా లేదు. అసలు మీ పుస్తకాల కాలంలో ఏ నెలాఖరు మధ్యాహ్నానికీ లేదు. నెలాఖర్న మీకు ఒంటిపూట ఆఫీసు ఉండేదేమోనని ఇక్కడ అనుకుంటున్నారు.

కోప్పడకుండా చెప్పు. ఆ అంకె నువ్వు వంతెన దగ్గర నీటిమట్టం కొలిచే గేజి మీద చూసిందేనా, లేక ఆ కంగారులో అలా కనిపించిందా?

ఇట్లు,
బుడంకాయ


కూతురిల్లు, బాల్కనీ
జూన్ 9

ఒసే బుడంకాయా,

ఒంటిపూట ఆఫీసా? ఆ మాట అన్నవాళ్ళని ఒక్కసారి నా ఎదురుగా కూర్చోబెట్టు.

పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా, గంటకోసారి వంతెన మెట్లు దిగి గేజి చూసి, మిగతా ఇరవై ఒక్క గేజిలవాళ్ళూ ఫోన్లో చెప్పిన అంకెలు కూడా కలిపి పుస్తకంలోకి ఎక్కించేదాన్ని. నాకు జ్వరం వస్తే అటెండరు రాసేవాడు. కానీ నెలాఖరు రోజు మాత్రం జ్వరమొచ్చినా వెళ్ళేదాన్ని, ఎందుకంటే పుస్తకం మారేది ఆ రోజే. ఒకటో తారీఖు పొద్దున్నకల్లా బైండు చేసిన పుస్తకం పై ఆఫీసు బల్ల మీద ఉండాలి. అందుకని ముప్పయ్యో ముప్పై ఒకటో, మధ్యాహ్నం పన్నెండు గంటల అంకె వేయగానే బైండరు వచ్చి పట్టుకుపోయేవాడు.

ఆ రోజూ అంతే. బైండరు మెట్లు దిగుతుంటేనే నీళ్ళ రంగు మారింది. కొత్త పుస్తకంలో రాశాను. ఒంటిగంటకి నాలుగూ అరవై. రెండింటికి ఆరూ ముప్పై. గంటలో మీటరున్నర పైగా పెరిగింది. అప్పటికి సైరన్ లేదు. పల్లపు వీధికి పరిగెత్తి తలుపు తలుపూ బాది అందర్నీ బయటికి లాగి, మూడు గంటల అంకె తప్పిపోతుందని మళ్ళీ మెట్ల దగ్గరికి వచ్చాను. ఎనిమిదీ నలభై. నాలుగింటికి తొమ్మిదీ ఎనభై అయిదు. తర్వాత తీయడం మొదలెట్టింది. మర్నాడు పొద్దున ఏమీ ఎరగనట్టు నాలుగూ పది దగ్గర పారుతోంది.

కంప్యూటరు వచ్చాక మొదటి రిపోర్టులో అన్నేళ్ళ గరిష్ఠం ఏడూ ఇరవై అని పడింది. అప్పటి ఇంజనీరు, "పెద్దావిడ కంగారుపడింది, వీధిలోకి వచ్చినవి మురుగుకాలవ నీళ్ళు" అని తేల్చేశాడు. తీసి చూపిద్దామంటే పుస్తకాలన్నీ టైపు అయ్యాక చిత్తుకాగితాల కింద పోయాయి. నా వీడ్కోలు సభలో ఎవరో సరదాకి "తొమ్మిదీ ఎనభై అయిదు" అన్నారు. అందరూ నవ్వారు, వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఇన్నాళ్ళకి నువ్వు కూడా అడిగావు. అడగడానికి నీకు నోరెలా వచ్చిందే? గీత ఎనిమిదికి పెంచితే, సైరన్ మోగాక ఆ వీధివాళ్ళ గుమ్మాల్లోకి నీళ్ళు రావడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంటలో ముసలివాళ్ళని ఎవరు మోస్తారో మీ చీఫ్‌ని అడుగు.

నీ మీద అలిగిన
అత్త


ఆఫీసు, అదే కిటికీ పక్కన
జూన్ 16

అత్తా,

లెంపలేసుకున్నాను. నిజంగానే వేసుకున్నాను, పక్క బల్లాయన చూశాడు కూడా.

"కొత్త పుస్తకంలో రాశాను" అన్నావే, ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. దొరికింది. నీ తొమ్మిదీ ఎనభై అయిదు దొరికింది.

ఎక్కడుందో చెబుతాను. ఇంత పెద్ద టేబుల్ని ఒకే కుప్పగా ఉంచితే వెతకడానికి యుగం పడుతుంది. అందుకని పార్టిషన్లు చేస్తారు. గదులు అనుకో, నెలకొక గది. ప్రతి తలుపు మీదా హద్దులు రాసుంటాయి, ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని. ఆగస్టు అడిగితే కంప్యూటరు ఆగస్టు బోర్డున్న గదే తెరుస్తుంది, పక్కదాని వైపు కన్నెత్తి చూడదు. మీ పుస్తకాలు ఎక్కించినవాళ్ళు పుస్తకానికో గది ఇచ్చి, తలుపు మీద ఒకటో తేదీ నుంచి నెలాఖరు దాకా అని రాసేశారు. మీ పుస్తకం నెలాఖరు మధ్యాహ్నమే మారుతుందని వాళ్ళకి తెలియదు. దాంతో ఆగస్టు ముప్పై ఒకటి సాయంత్రం వెళ్ళి సెప్టెంబరు గదిలో కూర్చుంది. ఆగస్టు అడిగితే ఆ గది తెరవరు. సెప్టెంబరు అడిగితే తెరుస్తారు గానీ, తేదీ ఆగస్టుది కనక దాన్ని పక్కకి నెట్టేస్తారు. ఇలా పద్నాలుగేళ్ళ నెలాఖరు మధ్యాహ్నాలన్నీ ఎవరికీ కనబడకుండా పోయాయి.

తేదీ మాటెత్తకుండా గదులన్నీ ఒక్కసారి తెరిపించి లెక్కపెట్టాను. నెలలవారీ లెక్క కంటే 25,718 వరసలు ఎక్కువ తేలాయి. వాటిలో నీది కనబడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్కాయన "ఏమ్మా, తేలు కుట్టిందా" అన్నాడు.

చీఫ్‌గారికి చూపించాను. ఆయన కాసేపు గడ్డం నిమురుకుని, "తప్పు గదిలో దొరికిన అంకెని కమిటీ ముందు పెట్టలేను. హద్దులు సరిచేయి. కంప్యూటరే తనిఖీ చేసి ఒప్పుకోవాలి. మామూలు రిపోర్టులో ఆ అంకె దానంతటది రావాలి. అప్పుడు మాట్లాడదాం" అన్నారు. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇంకో మాట. గదిలో పెట్టినవి తలుపు మీది హద్దులకి సరిపోయాయో లేదో మామూలుగా కంప్యూటరే తనిఖీ చేస్తుంది. మీ పుస్తకాలు ఎక్కించేటప్పుడు ఆ తనిఖీ వద్దని ఎవరో అన్నారట. ఎవరన్నారో నీకేమైనా గుర్తుందా?

బుద్ధొచ్చిన
బుడంకాయ


కూతురిల్లు
జూన్ 23

బుడంకాయా,

ఉత్తరం అందింది. సంతోషం.

ఎప్పటి మాటో అది, అప్పుడు ఎవరెవరో వచ్చేవారు, ఎవరెవరో ఏదో అనేవారు. నాకేం గుర్తుంటుంది. ఇక్కడ లిఫ్ట్ చెడిపోయి వారం అయింది. మోకాళ్ళతో మూడంతస్తులు దిగలేక బాల్కనీలోంచే కూరగాయలవాడితో బేరం ఆడుతున్నాను. మనవరాలికి పన్ను ఊడింది.

నువ్వు ఆ తవ్వకాలన్నీ మాని హద్దుల సంగతి చూడు. రోజులు తక్కువున్నాయి.

అత్త


ఆఫీసు
జూలై 6

అత్తా,

ఏడుపొక్కటే తక్కువగా ఉంది.

అసలు టేబుల్ జోలికి పోకుండా దానికి నకలు తీసి, దాని మీద పని మొదలెట్టాను. బోర్డులన్నీ చెరిపి కొత్త హద్దులు రాశాను: నెలాఖరు పన్నెండున్నర నుంచి మళ్ళీ నెలాఖరు పన్నెండున్నర దాకా. పన్నెండు గంటల అంకె పాత గదిలో, ఒంటిగంట అంకె కొత్త గదిలో. మీ పుస్తకాలు ఎలా మారాయో అచ్చం అలాగే. ఈసారి తనిఖీ పెట్టాను. కంప్యూటరు ఒప్పుకోలేదు.

ఎందుకంటే సెప్టెంబరు గదిలో ఆగస్టు ముప్పై ఒకటి పన్నెండు గంటల వరస కూడా ఉంది. ఆగస్టు గదిలోనూ అదే వరస ఉంది. హద్దు పన్నెండున్నరకి గీస్తే సెప్టెంబరు గది ఎదురు తిరుగుతుంది. పన్నెండుకి జరిపితే ఆగస్టు గది ఎదురు తిరుగుతుంది. ఏ రెండు గదుల మధ్య చూసినా ఇదే గొడవ. ఇలా రెండుసార్లు ఉన్నవి మొత్తం 3,674. ఎవరు, ఎందుకు రెండుసార్లు ఎక్కించారో తెలియకుండా ఒక్క వరస కూడా చెరపడానికి నాకు చేతులు రావు. అందులో ఏది అసలు, ఏది పొరపాటు? రెండూ తప్పేనేమో.

చీఫ్‌గారు ఈ పొద్దున పిలిచి చల్లగా చెప్పారు. "నమ్మలేని సరుకుని ఉంచుకుని ఏం లాభం? పుస్తకాల కాలం గదులన్నీ మొత్తం తీసి పక్కన పెట్టేద్దాం. మిషన్లు పంపిన పన్నెండేళ్ళూ చాలు." అదే జరిగితే నీ అంకె తప్పుగానైనా ఎక్కడా ఉండదు. గీత ఎనిమిదికి వెళ్ళిపోతుంది. బతిమాలి పదిహేనో తేదీ దాకా గడువు అడిగాను.

టైపు చేసినవాళ్ళు నిద్రమత్తులో ఉన్నారా అత్తా?

బుడంకాయ


కూతురిల్లు, వంటింటి బల్ల
జూలై 8

తల్లీ,

ఇది అల్లుడి చేత కొరియర్లో పంపిస్తున్నాను. టైపు చేసినవాళ్ళని ఏమీ అనకు, వాళ్ళు ఉన్నది ఉన్నట్టు కొట్టారు.

అవి ఎత్తిరాసిన వరసలు. పాత పుస్తకం బైండరు చేతికి వెళ్ళిపోయాక, నీళ్ళు పెరిగాయో తగ్గాయో పోల్చుకోవడానికి నా దగ్గర ఏముంటుంది? అందుకని పాతదాంట్లో చివరి అంకెని కొత్త పుస్తకం మొదటి పేజీలో ఎత్తిరాసుకునేదాన్ని, గేజికొకటి చొప్పున. నాకు పని నేర్పినావిడ అలా నేర్పింది, నేను అలా చేశాను. ఊపిరి పీల్చుకోవడం లాంటిది కాబట్టి నీకు చెప్పాలని కూడా తోచలేదు. మొత్తం పుస్తకాలు నూట అరవై ఎనిమిది. మొదటిదానికి ముందు పుస్తకం లేదు కనక నూట అరవై ఏడు. గేజిలు ఇరవై రెండు. పాల కవరు వెనకాల గుణించాను. 3,674 వచ్చింది. అనుమానమొచ్చి మళ్ళీ గుణించాను, మళ్ళీ అంతే.

కొత్త పుస్తకంలో ఉన్న పన్నెండు గంటల వరస నకలు. పాతదాంట్లోది అసలు. నకలు తీసేయి.

ఇక రెండోది. పోయిన ఉత్తరంలో లిఫ్ట్ గురించి ఎందుకు రాశానో నీకు అర్థమయ్యే ఉంటుంది. తనిఖీ వద్దన్నది నేనే.

ఎక్కించడానికి వచ్చిన అమ్మాయి చాలా మర్యాదగా, "ఒకసారి కంప్యూటరు చేత సరిచూపిద్దామండీ, ఒక్కరోజు పడుతుంది" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పద్నాలుగేళ్ళ పుస్తకాల్లో ఒక్క కొట్టివేత లేదు, నా పుస్తకాలకి తనిఖీయా అని గది కప్పు ఎగిరేలా అరిచాను. పై అధికారి దగ్గరికి వెళ్ళి మరీ చెప్పాను. ఆయన నా మీద గౌరవం కొద్దీ సరేనన్నాడు. ఆ ఒక్కరోజు తనిఖీ జరిగుంటే ఆనాడే బయటపడేది. నా అంకెని దాచింది ఎవరో కాదు, నా పొగరే. నీ జూన్ పదహారు ఉత్తరం చదివిన క్షణంలోనే ఇది తెలిసింది. రాయడానికి సిగ్గేసింది. నన్ను నవ్వులపాలు చేశారని ఇన్నేళ్ళు అందర్నీ తిట్టుకున్నాను.

నీకు నా మీద గౌరవం పోయినా ఫరవాలేదు. గీత మాత్రం పైకి పోనివ్వకు.

మీ అత్త


ఆఫీసు, రెండో అంతస్తు
జూలై 21

అత్తా, అత్తా, అత్తా,

మూడుసార్లు ఎందుకు పిలిచానంటే ఒకసారి సరిపోవడం లేదు.

గెలిచాం.

నీ కొరియర్ పదో తారీఖున వచ్చింది. నకళ్ళు తీసే ముందు మొత్తం 3,674నీ వాటి అసళ్ళతో పోల్చి చూశాను. ఒక్కటంటే ఒక్క అంకె తేడా లేదు. పద్నాలుగేళ్ళు ఎత్తిరాసి ఒక్కసారి కూడా చెయ్యి జారకపోవడమేంటి, నువ్వు మనిషివేనా? వాటిని విడిగా దాచిపెట్టి, గదుల్లోంచి తీసేసి, హద్దులు పన్నెండున్నరకి గీసి తనిఖీకి పెట్టాను. నలభై నిమిషాలు. గోళ్ళన్నీ అయిపోయాయి. ఆగస్టు గది ఒప్పుకుంది, సెప్టెంబరు గది ఒప్పుకుంది, అలా నూట అరవై ఎనిమిదీ ఒప్పుకున్నాయి. పద్నాలుగో తారీఖు పొద్దున పాత టేబుల్ని తప్పించి కొత్తదాన్ని దాని స్థానంలో నిలబెట్టాను. పదకొండు సెకన్లు పట్టింది. మిషన్లు పంపే అంకె ఒక్కటి కూడా పోలేదు.

తర్వాత, ఎవరి సాయం లేకుండా, రోజూ నడిపే మామూలు రిపోర్టు నడిపాను. ఆగస్టు గరిష్ఠం: 9.85.

చీఫ్‌గారు ఊరికే ఒప్పుకునే రకం కాదుగా. "ఆవిడ ఆరు బదులు తొమ్మిది వేసి ఉండొచ్చు కదమ్మా" అన్నారు. ఎత్తిరాసిన వరసల లెక్క చూపించాను. ఆ తర్వాత అదే మధ్యాహ్నానికి మిగతా గేజిల అంకెలు తీశాను. కొండ కింది గేజి ఒంటిగంటకి గరిష్ఠానికి చేరింది, ఆనకట్ట గేజి రెండున్నర మీటర్లు లేచి రెండింటికి చేరింది, వంతెన గేజి నాలుగింటికి. నీళ్ళు ఎలా దిగి వచ్చాయో వరసగా కళ్ళకి కట్టింది. అవన్నీ వేరువేరు మనుషులు చూసి చెప్పిన అంకెలు. అందరూ ఒకేసారి కంగారుపడరుగా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "నేనే చదువుతాను, కమిటీలో" అన్నారు.

నిన్న చదివారు. పల్లపు వీధి తరఫున ఒక దర్జీ వచ్చాడు. తొమ్మిదీ ఎనభై అయిదు అనగానే లేచి, "ఆవేళ మా తలుపు బాదింది ఆవిడేనండి. మురుగుకాలవ అని మీరంటే మేం చదువుకోనివాళ్ళం, ఊరుకున్నాం" అన్నాడు.

గీత ఎనిమిదికి వెళ్ళడం లేదు. ఆరున్నర దగ్గర కూడా ఉండటం లేదు. అయిదున్నరకి దించుతున్నారు. ఆనాటి వరదే మళ్ళీ వస్తే, సైరన్ మోగాక గుమ్మంలోకి నీళ్ళు రావడానికి ఆ వీధివాళ్ళకి గంటన్నర ఉంటుంది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయో దర్జీ ఇంటి గోడ మీద గీత గీసి, అంకె చెక్కి, చూసినవారు రిజిస్టరు గుమాస్తా అని రాయిస్తున్నారు.

ఇప్పుడు నా వంతు. నేనూ ఒకటి దాచాను. పుస్తకాలు ఎక్కించిననాటి చిట్టా కంప్యూటర్లో ఇంకా ఉంది. అందులో "తనిఖీ లేదు, రిజిస్టరు గుమాస్తా మాట మీద" అని స్పష్టంగా ఉంది. జూన్‌లో నిన్ను అడిగేనాటికే చూశాను. నీ నోటితో నువ్వే చెబితే బాగుండునని అడిగాను, లిఫ్ట్ గురించి చదివి నవ్వాను, కొంచెం బాధపడ్డాను కూడా. గౌరవం పోతుందన్నావు. నువ్వు చెప్పకపోతే పోయేది.

తుది నివేదిక నేనే రాయాలి. పొరపాటుకి కారణం అన్నచోట ఏం రాయమంటావు? "తనిఖీ జరగలేదు" అని ఊరుకోవచ్చు. ఎవరూ అడగరు.

నీ మేనకోడలినని గర్వంగా చెప్పుకు తిరుగుతున్న
బుడంకాయ


కూతురిల్లు, బాల్కనీ
ఆగస్టు 4

బుడంకాయా,

ఊరుకోవద్దు. "రిజిస్టరు గుమాస్తా వద్దన్నందువల్ల తనిఖీ జరగలేదు" అని మొత్తం రాయి. గోడ మీద నేను చూశానని రాసినప్పుడు కాగితం మీద నేను వద్దన్నానని కూడా ఉండాలి.

నువ్వు పై ఆఫీసు పని మీద వెళ్ళిన రోజు చూసి అల్లుణ్ణి వెంటబెట్టుకుని పల్లపు వీధికి వెళ్ళొచ్చాను. నువ్వుంటే ఏడ్చి గొడవ చేస్తావని చెప్పలేదు. ఏడవలేదు నేను. అంటే అక్కడ ఏడవలేదు.

వీధి పెద్దగా మారలేదు. దర్జీ నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు, మిషన్ ఆపేశాడు. ఇళ్ళల్లోంచి ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఎవరికివాళ్ళు వాళ్ళ తలుపు నేనెంత గట్టిగా బాదానో చెప్పడమే. ఒకావిడ గడియ ఊడిపోయిందట, ఇప్పటికీ నా మీద కోపంగానే ఉంది. మీ చీఫ్ కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, "మా ఆఫీసు తరఫున క్షమించండి" అన్నాడు. క్షమించను, ఒక పని చేయండి అన్నాను. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, ఎంత అనుభవమున్నవాళ్ళు అరిచినా, తనిఖీ చేయకుండా ఒక్క వరస కూడా ఎక్కించవద్దని రూలు పెట్టమన్నాను. పెడతానన్నాడు.

తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి గీత పక్కన నిలబడ్డాను. సరిగ్గా నా భుజానికి వచ్చింది. పన్నెండేళ్ళు జనం నవ్విన అంకె అంత ఎత్తున రాతిలో ఉంది. చేత్తో తడిమి చూశాను, బాగా లోతుగానే చెక్కారు. నాకు కడుపు నిండిపోయిందే.

నివేదికలో గీత ఎత్తు కూడా రాయాలిగా. వీధి నేల నుంచి నాలుగడుగుల మూడంగుళాలు. దర్జీ టేపు అడిగి నా చేత్తో నేనే కొలిచాను. అయినా సరే, నా మాట మీద రాసేయకు. టేపు పట్టుకుని వెళ్ళి నువ్వు కొలిచి రాయి.

అత్త